నెల్లూరు, ఒంగోలు నుంచి సింగపూర్ టూరు: విమానం, బస, లోకల్ ప్రయాణం ఏ వరసలో ప్లాన్ చేసుకోవాలి

ఎక్కువ మంది మొదట చేసే పని చవక టికెట్ వెతకడం. నిజానికి అది మూడో పని. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో చూడకుండా, ఇంటి నుంచి చెన్నై విమానాశ్రయానికి ఎలా చేరతామో లెక్కేయకుండా టికెట్ కొంటే, అక్కడ మిగిలిన రెండు వేలు ఇక్కడ కారు బాడుగకే పోతాయి.

ఈ మార్గదర్శిలో ఉదాహరణగా సింగపూర్‌నే తీసుకున్నాం. మన వైపు నుంచి మొదటిసారి విదేశం వెళ్లే కుటుంబాలకు అది దగ్గర, ప్రయాణం నాలుగు గంటల పైచిలుకే. వరస మాత్రం ఏ దేశానికైనా ఇదే.

1. ముందు పాస్‌పోర్టులు తెరిచి చూడండి

సింగపూర్‌లో దిగే రోజుకు పాస్‌పోర్టు గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. పెద్దవాళ్లది 10 ఏళ్లకు ఇస్తారు కాబట్టి మనం దాన్నే గుర్తుపెట్టుకుంటాం. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే ముగిసిపోతుంది. చాలా ఇళ్లలో ఇది చివరి నెలలో బయటపడుతుంది.

అసలు చిక్కు ఇంటిపేరుతో. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా ముందు ఉంటుంది, పాన్‌లో చివర పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉంటుంది, లేదా ఆ గడి ఖాళీగా ఉంటుంది. టికెట్‌కు ఆధార్‌తో పని లేదు. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడిలో ఏముందో అదే ఫస్ట్ నేమ్, సర్‌నేమ్ గడిలో ఏముందో అదే లాస్ట్ నేమ్. ఒక్క అక్షరం కుదించొద్దు. వెంకట సుబ్బారెడ్డి అని ఉంటే వి.ఎస్. రెడ్డి అని రాయకూడదు.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఒక్కో విమాన సంస్థది ఒక్కో పద్ధతి. కొన్ని అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి. డబ్బు కట్టే ముందే ఆ సంస్థ సైట్‌లో చూసుకోండి, లేదా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. టికెట్ వచ్చాక ఒకటి రెండు అక్షరాలు దిద్దించుకోవచ్చేమో గానీ, పేరు మొత్తం మార్చాలంటే తరచూ కొత్త టికెట్టే అవుతుంది.

ఈ దశలో చూసుకోవాల్సినవి:
☐ అందరి పాస్‌పోర్టుల గడువు, ముఖ్యంగా పిల్లలవి
☐ సర్‌నేమ్, గివెన్ నేమ్ గడులు ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద
☐ ఖాళీ పేజీలు, చిరుగులు, తడి మరకలు
☐ పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు (సున్నాకు, ఓ అక్షరానికి తేడా చూసుకోండి)

2. ఇంటి గడప నుంచి విమానాశ్రయం దాకా లెక్క

నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయం జాతీయ రహదారి 16 మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి దాదాపు 300. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లు హైదరాబాద్ శంషాబాద్ టికెట్ ధర కూడా పక్కన పెట్టుకుని చూడాలి. కావలి నుంచి తడ దాకా ఉన్నవాళ్లకు చెన్నైకి మించింది లేదు.

చెన్నై చేరే దారులు మూడు.

రైలు: పినాకిని, జనశతాబ్ది, వందేభారత్ చెన్నై సెంట్రల్‌కు వెళ్తాయి. సెంట్రల్ నుంచి మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా విమానాశ్రయం. లిఫ్టులు ఉంటాయి కాబట్టి పెట్టెలతో ఇబ్బంది లేదు. మెట్రో రాత్రి 11 ప్రాంతానికి ఆగిపోతుంది. చార్మినార్, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లు తాంబరం వైపు వెళ్లే బండ్లు. తాంబరంలో దిగి లోకల్ రైలెక్కితే విమానాశ్రయానికి ఎదురుగా ఉన్న తిరుసూలం స్టేషన్‌లో దిగొచ్చు. టికెట్ తీసేటప్పుడు బండి ఆ రోజు ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకోండి.

బస్సు: మన ఆర్టీసీ బస్సులు ఊరికి ఉత్తరాన ఉన్న మాధవరం బస్టాండుకు చేరతాయి. విమానాశ్రయం దక్షిణాన ఉంది. మధ్యలో నగరమంతా దాటాలి, సాయంత్రం పూట గంటకు పైనే. ఇద్దరు ముగ్గురు పెట్టెలతో ఉంటే ఈ దారి మేం చెప్పం.

కారు: నలుగురైదుగురు ఉంటే కారే గిట్టుబాటు. నెల్లూరు నుంచి 5 గంటలు పెట్టుకోండి. హైవే మీద మూడు గంటల్లో దూసుకెళ్లినా, చెన్నై దగ్గర పడ్డాక లారీల వరస మిగతా టైమంతా తినేస్తుంది.

అంతర్జాతీయ విమానానికి 3 గంటల ముందు టెర్మినల్ గేటు దగ్గర ఉండాలి. రాత్రి 12:30 విమానమైతే 9:30కు అక్కడ ఉండాలి, అంటే నెల్లూరులో సాయంత్రం 4:30కు కారు కదలాలి. దీనికి పినాకిని ఎక్కితే మధ్యాహ్నమే సెంట్రల్‌లో దిగి, ఎనిమిది గంటలు పెట్టెలు కాచుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ లెక్కలేవీ పనిచేయవు. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు వైపు హైవే తెగింది. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూసేశారు. ఆ నెలల్లో వెళ్లక తప్పదంటే ముందు రోజే చెన్నై చేరి, విమానాశ్రయం దగ్గర ఒక రాత్రి ఉండండి. వీలైతే ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకోండి.

3. విమాన టికెట్: తేదీ, టైము, లగేజీ

తేదీ పొరపాటు. అన్నిట్లోకీ ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటే 14వ తేదీ రాత్రి విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. టికెట్ రాగానే క్యాలెండర్ మీద "14 సాయంత్రం ఇంటి నుంచి బయలుదేరాలి" అని రాసి గోడకు తగిలించండి. విమానం తేదీ రాయొద్దు, బయలుదేరే తేదీ రాయండి.

టైము. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. టికెట్ మీద టైములన్నీ ఆయా ఊళ్లవే. రాత్రి 12:30కు ఎక్కి నాలుగుంపావు గంటలు ఎగిరితే అక్కడ ఉదయం 7:15 అవుతుంది.

తిరుగు టికెట్‌కు ఇదే లెక్క కట్టండి. సింగపూర్‌లో రాత్రి 8కి బయలుదేరితే చెన్నైలో దిగేది 9:45 ప్రాంతంలో. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అయ్యేసరికి 11. అప్పటికి మెట్రో అయిపోతుంది, నెల్లూరుకు కారే గతి. అదే ఉదయం 8కి బయలుదేరితే చెన్నైలో 9:45కు దిగి, 12:30లోపు సెంట్రల్ చేరొచ్చు. అక్కడ మధ్యాహ్నం 2 దాటాక మన వైపు పినాకిని ఉంది. వందేభారత్, జనశతాబ్ది సెంట్రల్ నుంచి ఉదయమే వెళ్లిపోతాయి, ఈ విమానం దిగాక అవి అందవు. తిరుగు విమానం ఆలస్యమైతే రైలు టికెట్ డబ్బు పోతుంది. ఆ రిస్కు కారు బాడుగతో పోలిస్తే చిన్నదే.

లగేజీ. చౌక సంస్థల కనీస టికెట్‌లో చెకిన్ పెట్టె ఉండదు. స్కూట్ లాంటి వాటిలో చేతి సంచి మాత్రమే వస్తుంది. పెట్టె, భోజనం, సీటు విడివిడిగా కొనుక్కోవాలి. పోల్చేటప్పుడు ఉత్త టికెట్ ధరను పోల్చొద్దు.

ఉదాహరణకు ఒక టికెట్ రానూపోనూ 17,500. పెట్టె రెండు వైపులా 5,000, భోజనం 1,400 కలిపితే 23,900. ఇంకో సంస్థ 24,500 చెబుతూ 25 కిలోల పెట్టె, భోజనం అందులోనే ఇస్తోంది. ఆరు వందల తేడాకు మొదటిది ఎందుకు? అయితే నలుగురి కుటుంబానికి రెండు పెట్టెలు చాలు. అప్పుడు చౌక సంస్థలో ఇద్దరికే పెట్టె కొంటే నిజంగా మిగులుతుంది. పెట్టె టికెట్‌తో పాటే కొనండి. కౌంటర్ దగ్గర కొంటే ధర బాగా పెరుగుతుంది.

విడి టికెట్లు. తిరుపతి నుంచి హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి సింగపూర్ ఇంకో టికెట్ కొనేవాళ్లున్నారు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఎవరికీ బాధ్యత ఉండదు. ఒకే పీఎన్ఆర్ మీద రెండు ప్రయాణాలూ ఉంటేనే సంస్థ తర్వాతి విమానంలో పంపుతుంది. విడిగా కొంటే మధ్యలో కనీసం 6 గంటలు పెట్టుకోండి.

4. వీసా: టికెట్ ముందా, వీసా ముందా

సింగపూర్ వీసా రుసుము 30 సింగపూర్ డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. అనుమతి ఉన్న ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేసుకోవాలి, వాళ్ల చార్జీ వేరు. ఏజెంట్ పేరు సింగపూర్ హైకమిషన్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

మెలిక ఎక్కడుందంటే, దరఖాస్తు వెళ్లే తేదీకి 30 రోజుల లోపు పెట్టుకోమంటారు. టికెట్ ధర బాగుండేది రెండు నెలల ముందు. అంటే చేతిలో వీసా లేకుండానే టికెట్ కొనాల్సి వస్తుంది. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుందో డబ్బు కట్టే ముందే చదవండి. హోటల్‌ను మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రకమే బుక్ చేయాలి.

ఫోటో 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు, తెల్లటి వెనుక భాగం, నిగనిగలాడని కాగితం. స్టూడియోలో "పాస్‌పోర్టు సైజు" అంటే సరిపోదు, కొలత చెప్పండి.

వీసా వచ్చాక ఇంకో పని ఉంది. సింగపూర్‌కు వచ్చేవాళ్లు తమ వివరాలిచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డును, దిగే ముందు (దిగే రోజుతో కలిపి) 3 రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన సైటు అసలుది కాదు, మూసేయండి. ఒక్కొక్కరికీ విడిగా, పిల్లలకు కూడా నింపాలి. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎన్ని రోజులు ఉండొచ్చో మెయిల్‌కు వస్తుంది. అందుకే రోజూ చూసుకునే మెయిల్ ఐడీనే ఇవ్వండి, ఏజెంట్‌ది కాదు.

5. బస: హోటల్ కాదు, స్టేషన్ ఎంచుకోండి

మ్యాపులో ముందు మెట్రో స్టేషన్ పెట్టుకుని, దానికి ఐదారు నిమిషాల నడక లోపు ఉన్న హోటళ్లనే చూడండి. సింగపూర్‌లో మెట్రోను ఎంఆర్‌టీ అంటారు.

మన వాళ్లకు లిటిల్ ఇండియా స్టేషన్ చుట్టుపక్కల అన్ని విధాలా కుదురుతుంది. ఇడ్లీ దోసెలు దొరకడం ఒక్కటే కారణం కాదు. అక్కడ నార్త్ ఈస్ట్ లైన్, డౌన్‌టౌన్ లైన్ రెండూ కలుస్తాయి. నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కితే సెంటోసాకు దారైన హార్బర్‌ఫ్రంట్ నేరుగా, డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే గార్డెన్స్ బై ద బే ఉన్న బేఫ్రంట్ నేరుగా. పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లినప్పుడు మధ్యలో రైలు మారకపోవడం ఎంత హాయో మొదటి రోజే తెలుస్తుంది. అక్కడ గదులు దొరక్కపోతే ఫారర్ పార్క్, జలన్ బెసార్, బుగిస్ చూడండి. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో జనం విపరీతం, ఆ రోజు గది మారే పని పెట్టుకోకండి.

గేలాంగ్‌లో అద్దెలు తక్కువగా కనిపిస్తాయి. అక్కడ కొన్ని వీధులు రెడ్‌లైట్ ప్రాంతం. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఏ వీధో చూసుకోకుండా బుక్ చేయొద్దు.

ఇళ్లు, ఫ్లాట్లు రోజుల లెక్కన అద్దెకు తీసుకోవడం సింగపూర్‌లో చట్టవిరుద్ధం. ప్రైవేటు ఫ్లాట్‌ను వరసగా 3 నెలలకు తక్కువ కాకుండా ఇవ్వాలన్నది అక్కడి నియమం. "వంటగది ఉంది, చవక" అని ఎవరైనా చూపిస్తే వద్దనండి.

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే అసలు ధర అది కాదు. 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్‌టీ పడతాయి. 100 డాలర్ల గది 119.90 అవుతుంది. హోటల్ రెస్టారెంట్లలోనూ ఇదే లెక్క. హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకే చోట ఉండే ప్రాంగణాల్లో, బోర్డు మీద ఉన్నదే ధర.

గదులు మన ఊళ్లతో పోలిస్తే చాలా చిన్నవి. చవక గదుల్లో కొన్నింటికి కిటికీయే ఉండదు, వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాస్తారు. నలుగురిని ఇద్దరి గదిలో సర్దుకుందాం అనుకోవద్దు. ఎంతమందని బుక్ చేశారో అంతమందినే ఉండనిస్తారు.

ఇక మొదటి రోజు సమస్య. విమానం 7:15కు దిగుతుంది, గది ఇచ్చేది మధ్యాహ్నం 2 లేదా 3కి. దీనికి మూడు పరిష్కారాలు:
- బుక్ చేయగానే హోటల్‌కు మెయిల్ పెట్టి, పెట్టెలు దాచి ఉంచుతారా అని అడగండి. చాలాచోట్ల డబ్బు తీసుకోరు.
- పెట్టెలు అప్పగించి, ఎక్కువ నడక లేని చోటు చూడండి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల, వీరమాకాళి అమ్మన్ కోవెల దగ్గర్లోనే ఉన్నాయి. కోవెలలు మధ్యాహ్నం మూస్తారు, ఉదయమే వెళ్లాలి.
- చంటిబిడ్డ, డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఉంటే ముందు రాత్రికి కూడా గది తీసుకోండి. ఈ ఖర్చు దండగ కాదు. హోటల్‌కు "ఉదయం 9కి వస్తాం" అని రాయండి, లేకపోతే రాలేదనుకుని రద్దు చేస్తారు.

6. లోకల్ ప్రయాణం

చాంగి విమానాశ్రయం నుంచి. ఎంఆర్‌టీ స్టేషన్ టెర్మినల్ 2, 3 దగ్గర ఉంది. లిటిల్ ఇండియాకు వెళ్లడానికి తరువాతి స్టేషన్ ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే ఒక్క మార్పుతో అయిపోతుంది. చాలామంది తానా మేరా దాకా వెళ్లి, మళ్లీ బుగిస్‌లో మారతారు. పెట్టెలతో రెండు మార్పులు ఎందుకు? రాత్రి 11 దాటాక దిగితే ఎంఆర్‌టీ మీద ఆశ పెట్టుకోవద్దు, టాక్సీయే.

చెల్లింపు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తున్న కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డును ఎంఆర్‌టీ గేటు దగ్గర తాకిస్తే చాలు. మనిషికి ఒక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. విదేశీ కార్డులకు వాడిన రోజుకు 60 సెంట్ల చొప్పున అదనపు రుసుము పడుతుంది. నాలుగైదు రోజులుండే కుటుంబానికి స్టేషన్‌లో దొరికే, ముందే డబ్బు వేసుకుని వాడే ఈజెడ్-లింక్ కార్డులు, రోజంతా తిరిగేవాళ్లకు టూరిస్ట్ పాస్ నయం. 0.9 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకు పెద్దవాళ్లతో వెళ్తే ఉచితం.

తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు:
- లోపలికి కార్డు, బయటికి ఫోన్ తాకించడం. రెండూ ఒకే కార్డైనా యంత్రం వేరుగా చూస్తుంది, గరిష్ఠ చార్జీ పడొచ్చు. దేనితో లోపలికి వెళ్లారో దానితోనే బయటికి రండి.
- బస్సు దిగేటప్పుడు తాకించడం మరచిపోవడం. చివరి స్టాపు దాకా చార్జీ పడుతుంది.
- కార్డు అసలు పనిచేయకపోవడం. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండు మీటలూ ఇంటి దగ్గరే ఆన్ చేసుకోవాలి.
- దుకాణంలో "రూపాయల్లో కడతారా?" అని అడిగితే సరేననడం. ఆ మారకం రేటు మనకు నష్టం. సింగపూర్ డాలర్లలోనే కట్టండి.
- రైల్లో పిల్లాడికి నీళ్లు, బిస్కెట్లు ఇవ్వడం. తినడం తాగడం నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా. స్టేషన్‌లోకి వెళ్లే ముందే తినిపించండి.

టాక్సీలు మీటరు మీదే నడుస్తాయి, బేరం ఉండదు. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా మీటరు మీద 50 శాతం అదనం, విమానాశ్రయం నుంచి ఎక్కితే వేరే అదనపు చార్జీ. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలు ఉంటే గ్రాబ్ లాంటి యాప్ కార్లలో పిల్లల సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకు ఆ నియమం లేదు. పిల్లలతో ఉన్నవాళ్లు యాప్‌లో "టాక్సీ" అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఫోన్‌కు ఒక మాట. ఓటీపీలు వచ్చే సిమ్ తీసేయొద్దు. రోమింగ్ ప్యాక్ విమానం ఎక్కక ముందే వేయించుకోండి.

7. పెట్టెలో ఏం వద్దు

గసగసాలు. ఇది పెద్ద అక్షరాల్లో రాసుకోండి. సింగపూర్‌లో వాటిని మాదకద్రవ్యాల కింద నిషేధించారు. విడిగా తీసుకెళ్లడమే కాదు, ఇంట్లో దంచిన మసాలా పొడిలో ఉన్నా తప్పే. ఏ పొడి అయినా అందులో ఏముందో ఇంట్లో వంట చేసేవాళ్లను అడిగి సర్దండి.

ఎండుకొబ్బరి విమానంలో ఒప్పుకోరు, నిప్పంటుకునే స్వభావం ఉంది కాబట్టి. మాంసం ఊరగాయలు, వేపుళ్లు సింగపూర్‌లోకి తేనివ్వరు. చూయింగ్ గమ్, సిగరెట్లు ఇంట్లోనే వదిలేయండి. సిగరెట్లకు అక్కడ పన్ను మినహాయింపు లేదు, ఒక్క పెట్టెకైనా చెప్పి పన్ను కట్టాల్సిందే.

ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో పోతాయి, 100 మి.లీ. దాటకూడదు. చెకిన్ పెట్టెలో రెండు కవర్లలో కట్టి పెట్టండి. పవర్ బ్యాంకు దీనికి తిరగబడి ఉంటుంది: చేతి సంచిలోనే ఉండాలి. మందులు డాక్టరు చీటీతో కలిపి చేతి సంచిలో పెట్టుకోండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు ఉంటే ముందుగా అనుమతి కావాలేమో అక్కడి ఆరోగ్య శాఖ సైట్‌లో చూడండి.

8. తిరుగు రోజు

గది ఖాళీ చేసే టైము 11 లేదా 12. విమానం సాయంత్రమైతే పెట్టెలు హోటల్‌లోనే ఉంచి తిరిగి రావచ్చు. ఉదయం 8 విమానమైతే 5కల్లా చాంగిలో ఉండాలి. ఎంఆర్‌టీ మొదటి రైళ్లు ఐదున్నర ప్రాంతంలో గానీ మొదలవవు, కాబట్టి ముందు రాత్రే టాక్సీ మాట్లాడుకోండి. ఆ 50 శాతం అదనం బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

చెన్నైలో దిగాక కారు పెట్టుకునేవాళ్లు డ్రైవరుకు విమానం దిగే టైము చెప్పొద్దు. దానికి గంటన్నర కలిపి చెప్పండి, విమానం నంబరు కూడా పంపండి. లేకపోతే పార్కింగ్ చార్జీ, వెయిటింగ్ చార్జీ రెండూ మీవే అవుతాయి. ఎవరు ఏ గేటు దగ్గర కలవాలో ఫోన్‌లో తేల్చుకున్నాకే బయటికి రండి. ఒకసారి గేటు దాటాక సీఐఎస్ఎఫ్ వాళ్లు మళ్లీ లోపలికి వదలరు.